పది కిలోల గీటు దాటిన భోజనాల బల్ల

సహరాన్‌పూర్ వడ్రంగి చేతిలో తయారయ్యే షీషమ్ కర్ర కుర్చీకి విదేశీ ప్రయాణం సులువైంది. దాని పక్కన వేసే బల్లకు మాత్రం అడ్డంకులు తొలగలేదు. ఒకే చెట్టు నుంచి, ఒకే పనివాడి చేతి మీదుగా వచ్చిన ఈ రెండు వస్తువులను విడదీసింది కలప నాణ్యత కాదు, పనితనం కాదు, కేవలం బరువు. 2022 నవంబరులో పనామాలో జరిగిన అంతర్జాతీయ సమావేశం ఒక్కొక్క వస్తువులోని కలప బరువు 10 కిలోల లోపు ఉంటే ప్రత్యేక అనుమతి పత్రం అవసరం లేదని తేల్చింది. ఆరుగురు కూర్చుని భోంచేయదగిన షీషమ్ బల్ల బరువు దీనికి దాదాపు పదింతలు ఉంటుంది.

ఈ లెక్క కట్టడానికి పెద్ద శాస్త్రజ్ఞానం అక్కర లేదు. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, రెండంగుళాల మందం గల బల్ల పైభాగానికి మూడు ఘనపుటడుగుల కలప పడుతుంది. బాగా ఆరిన షీషమ్ ఘనపుటడుగు సుమారు 22 కిలోలు తూగుతుంది. అంటే పైపలకే దాదాపు 65 కిలోలు. నాలుగంగుళాల చదరపు మందంతో నాలుగు కాళ్లు, వాటిని కలిపే అడ్డపట్టీలు కూడా చేర్చితే మొత్తం బరువు 100 కిలోలకు చేరుతుంది. అదే కొలతల పైపలకను 10 కిలోలకు కుదించాలంటే మందం అంగుళంలో మూడో వంతుకు మించరాదు. అటువంటి పలక మీద వేడి గిన్నె పెట్టడానికి కూడా గృహిణులు సందేహిస్తారు.

ఉత్తరప్రదేశ్‌లోని సహరాన్‌పూర్, రాజస్థాన్‌లోని జోధ్‌పూర్ పట్టణాలలో వేలాది కుటుంబాలకు ఈ లెక్క జీవన సమస్య. సరిహద్దు అవతల నేపాల్ తెరాయి రైతుకు, పాకిస్తాన్‌లోని చినియోట్ వడ్రంగికి కూడా ఇది పరాయి విషయం కాదు.

చేలగట్టు మీది చెట్టు

హిందీలో షీషమ్, పంజాబీలో టాహ్లీ, తెలుగులో సిస్సు లేక శింశుప అని పిలిచే ఈ వృక్షం శాస్త్రీయ నామం డాల్బెర్జియా సిస్సూ. రామాయణ కథ విన్న తెలుగువారికి శింశుపా వృక్షం పేరు కొత్త కాదు. షీషమ్ అన్న మాటకు మూలం కూడా ఆ సంస్కృత పదమే. హిమాలయ పాదప్రాంతాలలో నదులు మోసుకువచ్చిన ఇసుక మేటల మీద ఈ చెట్టు సహజంగా పుడుతుంది. అక్కడి నుంచి మానవుడు దీనిని కాలువ గట్ల మీదికి, రహదారుల పక్కకు, చేలగట్ల మీదికి తెచ్చాడు. భారతదేశంలోని పంజాబ్‌కు, పాకిస్తాన్‌లోని పంజాబ్‌కు కూడా ఇదే అధికార వృక్షం కావడం విశేషం. దేశం రెండుగా చీలినా చెట్టు ఉభయులకూ మిగిలింది.

చిక్కుడు కుటుంబానికి చెందిన ఈ చెట్టు వేళ్లు నేలలో నత్రజనిని స్థిరపరుస్తాయి. ఆకు పశువులకు మేత. కొమ్మలు వంటచెరకు. మొదలు నరికినా వేళ్ల నుంచి పిలకలు వేసి మళ్లీ లేస్తుంది. అయితే ఇల్లు కట్టుకోవడానికి, సామాను చేసుకోవడానికి పనికివచ్చే చేవ రావాలంటే రైతు మూడు దశాబ్దాలైనా వేచి ఉండాలి. తండ్రి నాటినది కొడుకు నరికే పంట ఇది. కూతురి పెళ్లికో, పొలం తనఖా విడిపించుకోవడానికో అక్కరకు వచ్చే చెట్టుగా గంగా మైదానంలోని రైతులు దీనిని చూస్తారు.

షీషమ్ లోపలి చేవ బంగారు గోధుమ వన్నె నుంచి ముదురు గోధుమ వన్నె దాకా ఉంటుంది. దాని మీద నల్లని చారలు నిలువుగా సాగుతాయి. టేకు కంటే బరువు, గట్టిదనం ఎక్కువ. చెద పురుగు చేవను అంత తేలికగా ముట్టదు. కాని బెరడును ఆనుకుని ఉండే తెల్లచెక్క సంగతి వేరు. పిండి రాల్చే పురుగు మొదట దానినే ఆశ్రయిస్తుంది. ఈ చెట్టుకు దగ్గరి బంధువైన డాల్బెర్జియా లాటిఫోలియా తెలుగునాట జిట్టేగి పేరుతో ప్రసిద్ధం. పాతకాలపు మండువా లోగిళ్లలో నల్లగా నిగనిగలాడే తలుపులు, భోషాణాలు చూసినవారికి ఈ కుటుంబపు కలప ఘనతను వేరుగా వివరించనవసరం లేదు.

దుంగ నుంచి బల్ల దాకా

బరువైన పలకలతో భోజనాల బల్ల చేయడం పైకి కనిపించినంత సులభం కాదు. కుర్చీలో చిన్న తప్పు జరిగితే ఒక ముక్క మార్చి సరిచేయవచ్చు. బల్లలో జరిగిన తప్పు ఇంటికి చేరిన ఆరు నెలల తరువాత, అందరూ చూస్తుండగా నడిమధ్య పగులుగా బయటపడుతుంది. ఈ పనిలో ఉలి, చిత్రిక కంటే ముందు కావలసినది ఓర్పు.

మొదటి పని దుంగ ఎంపిక. షీషమ్ చెట్టు యూకలిప్టస్ మాదిరిగా నిటారుగా పెరగదు. వంకరలు, కణుపులు ఎక్కువ. మూడడుగుల వెడల్పు గల ఒకే పలకను ఇచ్చే మాను దొరకడం అరుదు. అందుచేత మూడు నుంచి ఐదు పలకలను అంచుకు అంచు జోడించి వెడల్పు సాధిస్తారు. మిల్లులో దుంగను కోసేటప్పుడు నడిమి మూలుగు ఉన్న పలకను పక్కన పెట్టడం ఆనవాయితీ. చెట్టు ఎండేకొద్దీ పగుళ్లు అక్కడి నుంచే బయలుదేరుతాయి. వరుసగా కోసిన రెండు పలకలను పుస్తకం విప్పినట్టు పక్కపక్కన పరిస్తే చారలు అద్దంలో ప్రతిబింబం వలె జత కుదురుతాయి. ఖరీదైన బల్లల అందానికి ఈ జతకూర్పే ప్రధాన కారణం.

రెండవది, అన్నిటికంటె ముఖ్యమైనది, ఆరబెట్టడం. పచ్చి దుంగలో నీరు విస్తారంగా ఉంటుంది. కోసిన పలకలను నీడలో, నేలకు ఎత్తుగా, ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్య మధ్య సమాన మందం గల పట్టీలు ఉంచి గాలి ఆడేటట్టు చేస్తారు. పలకల కొసలకు మైనమో రంగో పూస్తారు. కొసల నుంచి నీరు త్వరగా పోయి చీలికలు రాకుండా ఉండడానికి ఈ జాగ్రత్త. అంగుళం మందానికి ఏడాది చొప్పున ఆరబెట్టాలని పాత వడ్రంగుల లెక్క. ఆ ప్రకారం రెండంగుళాల పలకకు రెండేళ్లు పడుతుంది. ఎగుమతి గడువులు అంతకాలం ఆగవు గనుక కర్మాగారాలు వేడిగాలి గదులలో కొన్ని వారాలలో ఈ పని ముగిస్తాయి. అక్కడ తొందరపడి వేడి పెంచితే పైన ఎండి లోపల పచ్చిగా మిగిలిన పలక తరువాత మెలి తిరుగుతుంది. పురుగు పట్టకుండా బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీటితో కలపను శుద్ధి చేయడం కూడా ఈ దశలోనే జరుగుతుంది.

ఐరోపా, అమెరికాలలో చలికాలం ఇళ్లను వేడి చేస్తారు. లోపలి గాలి మిక్కిలి పొడిగా మారుతుంది. వానాకాలపు సహరాన్‌పూర్‌లో తయారై, సముద్రం దాటి, అటువంటి గదిలో అడుగు పెట్టిన బల్ల మిగిలిన తడిని కోల్పోయి కుంచించుకుపోతుంది. కనుకనే కలపలో తేమ 8 నుంచి 12 శాతం మధ్య ఉండాలని కొనుగోలుదారులు షరతు పెడతారు. అరచేతిలో ఇమిడే తేమ కొలిచే పరికరం రంపంతో సమానంగా పనిముట్లలో చేరింది.

మూడవ దశ కూర్పు. కర్ర పొడవునా దాదాపు మారదు. అడ్డంగా మాత్రం వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో తగ్గుతుంది. మూడడుగుల వెడల్పు బల్లలో ఈ కదలిక కంటికి కనిపించేటంత ఉంటుంది. ఈ ధర్మం తెలియని పనివాడు పైపలకను కింది చట్రానికి జిగురు పెట్టి మేకులతో బిగిస్తాడు. కదలడానికి చోటు దొరకని పలక చివరకు తన దారి తానే చూసుకుని పగులుతుంది. తెలిసిన పనివాడు చట్రానికి పొడుగాటి కన్నాలు చేసి, వాటిలో మరమేకులు అటూ ఇటూ జరిగే వీలుంచి పలకను పట్టి ఉంచుతాడు. కాళ్లను, అడ్డపట్టీలను కలిపే కుసులు మాత్రం బిగువుగా దిగాలి. అక్కడ జరుగుబాటు ఉంటే ఆ బల్లకు ఆయుష్షు లేదు.

పలకలో అప్పటికే పగులు ఉన్నప్పుడు దాన్ని దాచిపెట్టనవసరం లేదు. సీతాకోకచిలుక రెక్కల ఆకారంలో కోసిన గట్టి కర్ర ముక్కను పగులుకు అడ్డంగా దిగవేస్తే అది మరి సాగదు. చెట్టు అంచును చెక్కకుండా సహజమైన వంపులతోనే వదిలివేసే బల్లలకు విదేశాలలో గిరాకీ పెరిగిన తరువాత జోధ్‌పూర్ కర్మాగారాలలో ఈ పద్ధతి బాగా వాడుకలోకి వచ్చింది.

చివరిది మెరుగు. ఉప్పుకాగితంతో గరుకు నుంచి నునుపు వరకు వరుసగా రుద్ది, అవిసె నూనెనో, లక్క పాలిష్‌నో, లేక కర్మాగారపు వార్నిష్‌నో పూస్తారు. పైభాగానికి పూసినన్ని పూతలు అడుగుభాగానికి కూడా పూయాలి. లేకుంటే ఒకవైపు నుంచే తేమ పీల్చుకుని పలక విల్లులా వంగుతుంది. కనబడని చోట ఖర్చు ఎందుకని అడుగును వదిలివేసే తయారీదారులకు ఫిర్యాదులు రావడం తథ్యం.

జొహన్నెస్‌బర్గ్ నిర్ణయం

ఇంత శ్రమతో తయారైన బల్లకు ఓడరేవులో ఎదురైన ఆటంకానికి మూలం దక్షిణాఫ్రికాలో ఉంది. అంతరించే ప్రమాదం ఉన్న వన్యజీవుల, వృక్షాల అంతర్జాతీయ వ్యాపారాన్ని క్రమబద్ధం చేసే ఒడంబడికను సైటిస్ అని క్లుప్తంగా వ్యవహరిస్తారు. 1975లో అమలులోకి వచ్చిన ఈ ఒడంబడికలో భారత్ 1976లో చేరింది. 2016 సెప్టెంబరు, అక్టోబరు నెలలలో జొహన్నెస్‌బర్గ్‌లో జరిగిన 17వ సభ్యదేశాల సమావేశం డాల్బెర్జియా కుటుంబాన్ని మొత్తంగా రెండవ అనుబంధంలో చేర్చింది. అర్జెంటీనా, బ్రెజిల్, గ్వాటెమాలా, కెన్యా దేశాలు ఈ ప్రతిపాదన తెచ్చాయి. 2017 జనవరి 2 నుంచి నిర్ణయం అమలులోకి వచ్చింది.

ఇందుకు దారితీసినది షీషమ్ కాదు. చైనాలో హోంగ్‌ము పేరిట ఎర్రని, నల్లని రోజ్‌వుడ్ కలపతో చేసే సంప్రదాయ సామానుకు సంపన్న వర్గాలలో గిరాకీ విపరీతంగా పెరిగింది. థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా అడవులలోని సయామ్ రోజ్‌వుడ్, మడగాస్కర్ జాతులు, మధ్య అమెరికా జాతులు దొంగ నరుకుళ్లకు బలి అయ్యాయి. ఒక జాతిని నిషేధిస్తే వ్యాపారులు ఇంకొక జాతి పేరు చెప్పి సరుకు దాటించసాగారు. కోసి పాలిష్ చేసిన చెక్కను చూసి అది ఏ జాతిదో చెప్పడం కస్టమ్స్ అధికారికి అసాధ్యం. కనుక కుటుంబం మొత్తాన్ని జాబితాలో చేర్చడమే మార్గమని ప్రతిపాదించిన దేశాలు వాదించాయి. ఆ వాదనలో బలం లేకపోలేదు. అయితే అడవిలో అరుదైపోయిన చెట్టుకు, చేలగట్టు మీద నాటి పెంచిన చెట్టుకు ఒకే కొలబద్ద వర్తించింది.

రెండవ అనుబంధంలో చేర్చడం అంటే వ్యాపారాన్ని నిషేధించడం కాదు. ఎగుమతి జాతి మనుగడకు హాని చేయదని, కలపను చట్టబద్ధంగా సేకరించారని ధ్రువపరిచే పత్రం కావాలి. భారత్‌లో హస్తకళల ఎగుమతి ప్రోత్సాహక మండలి ‘వృక్ష్’ పేరుతో ఇటువంటి ధ్రువీకరణ పద్ధతిని నడుపుతున్నది. పెద్ద కర్మాగారానికి ఇది మరో కాగితం మాత్రమే. పది మంది పనివాళ్లతో నడిచే చిన్న కార్ఖానాకు మాత్రం కలప ఏ రైతు దగ్గర కొన్నదీ, ఏ మండీ నుంచి వచ్చినదీ రసీదులతో సహా చూపడం భారమైన పని. అదీగాక, పత్రాలలో తేడా వస్తే సరుకు విదేశీ రేవులో నిలిచిపోతుందన్న భయంతో కొనుగోలుదారులే షీషమ్ వద్దని చెప్పడం మొదలుపెట్టారు. నిషేధం లేకుండానే నిషేధ ఫలితం కనిపించింది.

సగానికి పడిన ఎగుమతులు

జాబితాలో చేర్చకముందు షీషమ్ సామాను, హస్తకళా వస్తువుల ఎగుమతి ఏటా సుమారు 1,000 కోట్ల రూపాయలు ఉండగా, తరువాత అది 500 నుంచి 600 కోట్లకు పడిపోయిందని కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రకటించింది. ఈ కలపపై ఆధారపడిన దాదాపు 50,000 మంది చేతిపనివారి జీవనోపాధి దెబ్బతిన్నదని కూడా ఆ ప్రకటన పేర్కొన్నది.

ఈ దెబ్బ ఎక్కువగా తగిలినది సహరాన్‌పూర్‌కు. ఖాతా ఖేరీ తదితర వాడలలో ఇంటింటా ఉలి చప్పుడు వినిపించే ఈ పట్టణం ద్రాక్ష తీగల నగిషీకి, జాలీ పనికి, కర్రలో ఇత్తడి పొదిగే పనికి పేరుపొందింది. కోత ఒకరిది, చెక్కడం ఒకరిది, మెరుగు ఇంకొకరిది. మెరుగు పెట్టే పనిలో మహిళలు కూడా ఉన్నారు. పనికి ఇంత అని కూలి తీసుకునే ఈ కుటుంబాలకు ఆర్డరు తగ్గితే ఆ వారం ఆదాయమే తగ్గుతుంది. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 2018లో ప్రారంభించిన ‘ఒక జిల్లా ఒక ఉత్పత్తి’ పథకంలో సహరాన్‌పూర్‌కు కొయ్య నగిషీనే కేటాయించడం ఈ పనికి ఉన్న ప్రాధాన్యాన్ని సూచిస్తుంది.

జోధ్‌పూర్ మరో దారి పట్టింది. బోరనాడా, బాస్నీ పారిశ్రామిక వాడలలోని కర్మాగారాలు మామిడి, తుమ్మ జాతి కలపల వైపు మళ్లాయి. కాపు తగ్గిన మామిడి తోటలు కొట్టివేసినప్పుడు వచ్చే దుంగ ఒకప్పుడు ప్యాకింగ్ పెట్టెలకే పరిమితం. ఇప్పుడు అదే కలప బాగా ఆరబెట్టి, పురుగు మందు పట్టించి, ఇనుప కాళ్ల మీద నిలబెడితే విదేశీ గృహాలలో భోజనాల బల్ల అవుతున్నది. మామిడికి, తుమ్మకు సైటిస్ అడ్డు లేదు. కాని మామిడి చేవ షీషమ్ అంత గట్టిది కాదు. తేమ తగిలితే నల్లబడుతుంది. నగిషీ చెక్కేవారికి షీషమ్ ఇచ్చే పదునైన అంచు అందులో రాదు. కలప మారితే పనితనం కూడా మారుతుందని సహరాన్‌పూర్ అనుభవం చెబుతున్నది.

జెనీవా నుంచి పనామా దాకా

2019 ఆగస్టులో జెనీవాలో జరిగిన 18వ సమావేశంలో షీషమ్‌ను జాబితా నుంచి పూర్తిగా తొలగించాలని భారత్ పొరుగు దేశాలతో కలిసి కోరింది. ఈ చెట్టు వేగంగా పెరుగుతుందని, నాటినచోట తేలికగా విస్తరిస్తుందని, అమెరికాలోని ఫ్లోరిడా వంటి చోట్ల ఇది కలుపు చెట్టుగా కూడా మారిందని గుర్తుచేసింది. పోలికల సమస్య తీరనంత కాలం మినహాయింపు కుదరదన్న అభిప్రాయమే అక్కడ నెగ్గింది. సంగీత వాద్యాలకు మాత్రం ఆ సమావేశంలో మినహాయింపు లభించింది. గిటారు తయారీదారులు కోరినది వారికి దక్కింది. బల్ల చేసేవారికి 10 కిలోల పరిమితే మిగిలింది. అదీ సరుకు మొత్తం మీద.

2022 నవంబరులో పనామా నగరంలో జరిగిన 19వ సమావేశంలో భారత్, నేపాల్ తమ వాదాన్ని మరోసారి వినిపించాయి. సుదీర్ఘ చర్చల అనంతరం మధ్యేమార్గం కుదిరింది. పది కిలోల పరిమితిని మొత్తం సరుకుకు కాక, అందులోని ఒక్కొక్క వస్తువుకు వర్తింపజేయాలని నిర్ణయించారు. బరువు కట్టేటప్పుడు కలపనే లెక్కించాలి, ఇనుము, ఇత్తడి వంటివి వదిలివేయాలి అని కూడా అంగీకారం కుదిరింది. ఇనుమును, కర్రను కలిపి పని చేసే జోధ్‌పూర్‌కు ఇది ఎంతో అనుకూలించిన అంశం.

ఫలితంగా పెట్టెలు, పళ్లాలు, అద్దాల చట్రాలు, చిన్న పీటలు, తేలికపాటి కుర్చీలు ఎన్ని పంపినా అనుమతి పత్రం అవసరం లేకుండా పోయింది. పెద్ద సామాను మాత్రం వెలుపలే ఉండిపోయింది. భోజనాల బల్లను, ఆరు కుర్చీలను ఒక జతగా కొనే విదేశీ వ్యాపారికి కుర్చీలు ఒక నియమం కింద, బల్ల ఇంకొక నియమం కింద వెళ్లడం తలనొప్పి. కాళ్లు విప్పి విడివిడిగా పంపినా ప్రయోజనం లేదు. పైపలక ఒక్కటే పరిమితికి ఆరు రెట్లు పైగా ఉంటుంది. పలచటి షీషమ్ పొరను చౌక చెక్క మీద అతికించి బరువు తగ్గించవచ్చు. కాని నిండు చేవ బల్ల కోసం ఎక్కువ ధర ఇచ్చే కొనుగోలుదారు ఆ పొర బల్లను కోరడు.

సరిహద్దులకు అవతల

షీషమ్ కష్టాలు కాగితాలకే పరిమితం కాలేదు. 1990లలో భారత్, నేపాల్, బంగ్లాదేశ్, పాకిస్తాన్‌లలో ఈ చెట్లు పెద్ద సంఖ్యలో నిలువునా ఎండిపోవడం మొదలైంది. పైకొమ్మ నుంచి ఎండుతూ వచ్చి కొన్ని నెలలలోనే మాను చచ్చిపోయేది. వేళ్లకు పట్టే ఫ్యుసేరియం, గానోడెర్మా శిలీంధ్రాలు ఇందుకు ప్రధాన కారకాలని శాస్త్రజ్ఞులు గుర్తించారు. నీరు నిలిచే బరువు నేలల్లో, కాలువల వెంట, ఒకే జాతిని దట్టంగా నాటినచోట నష్టం తీవ్రంగా ఉంది. ఇసుక నేలలో, నీరు జారిపోయేచోట పుట్టిన చెట్టును మనిషి తన వీలు కొద్దీ నీరు నిలిచే చోట నాటిన ఫలితమిది.

పాకిస్తాన్‌లో చీనాబ్ నది ఒడ్డున ఉన్న చినియోట్ పట్టణం షీషమ్ సామానుకు, ఇత్తడి పొదుగు పనికి సహరాన్‌పూర్‌కు దీటైన కేంద్రం. లాహోర్ సమీపంలో 1866లో రైలు ఇంజన్లకు వంటచెరకు కోసం నాటిన చాంగా మాంగా వనంలో కూడా షీషమ్‌దే ముఖ్య స్థానం. చెట్లు చచ్చిపోతున్న కొద్దీ అక్కడి వడ్రంగులకు కూడా మంచి దుంగ కరువైంది. రాజకీయంగా ఎన్ని విభేదాలున్నా రెండు పంజాబ్‌ల పనివాళ్లు ఒకే చెట్టు, ఒకే తెగులు, ఒకే అంతర్జాతీయ నియమం మధ్య నలుగుతున్నారు.

రైతుకు దక్కేదెంత?

కథలో అందరికంటె వెనుక నిలబడినవాడు చెట్టు నాటిన రైతు. 1988 జాతీయ అటవీ విధానం కలప పరిశ్రమలు తమ ముడిసరుకును అడవుల నుంచి కాక రైతుల నుంచి సేకరించుకోవాలని చెప్పింది. గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 12న ఇచ్చిన ఉత్తర్వు అడవులలో నరుకుడును కట్టడి చేయడంతో పొలం కలపకు ప్రాముఖ్యం మరింత పెరిగింది. అయినా రైతు తన చేలోని చెట్టును తాను కొట్టుకోవడానికి అనేక రాష్ట్రాలలో అనుమతి కావాలి. కొట్టిన దుంగను పొరుగు జిల్లాకో రాష్ట్రానికో తరలించడానికి మరో పత్రం కావాలి. ఆ తిరుగుడు పడలేక రైతు నిలబడ్డ చెట్టును దళారీకి అమ్మివేస్తాడు. కాగితాల బాధ దళారీది. లాభం కూడా దళారీదే.

ఈ పరిస్థితిని సవరించే ప్రయత్నాలు జరిగాయి. కలప రవాణాకు దేశమంతటా చెల్లే పర్మిట్ విధానాన్ని కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభించింది. వ్యవసాయ భూములలో చెట్ల నరికివేతకు నమూనా నిబంధనలను 2025 జూన్‌లో రాష్ట్రాలకు పంపింది. నాటినప్పుడే చెట్లను, భూమి వివరాలను నమోదు చేస్తే నరికేటప్పుడు అనుమతి సులభం కావాలన్నది వీటి ఉద్దేశం. అమలు రాష్ట్రాల చేతిలో ఉంది.

ఈ నమోదు అవసరం ఇకపై మరింత పెరగవచ్చు. 2023లో ఐరోపా సంఘం చేసిన అడవుల పరిరక్షణ నియమం ప్రకారం కలప ఏ స్థలంలో పెరిగిందో భౌగోళిక గుర్తులతో సహా చూపాలి. 2020 డిసెంబరు 31 తరువాత అడవి నరికిన నేల నుంచి వచ్చిన కలపకు అక్కడ ప్రవేశం ఉండదు. దీని అమలు తేదీ ఒకటికి రెండుసార్లు వాయిదా పడినా దిశ మాత్రం స్పష్టం. మరోవైపు 2025 ఆగస్టు 27న అమెరికా భారత సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచడం ఆ ఏడాది సామాను ఎగుమతిదారులను కలవరపెట్టింది. అడవి పేరిట ఒకచోట, వాణిజ్య తగాదా పేరిట మరొకచోట తలుపులు ఇరుకవుతుండగా, దేశీయ విపణిని నమ్ముకోక తప్పదన్న అభిప్రాయం పరిశ్రమలో బలపడుతున్నది.

కొనేవారికి జాగ్రత్తలు

షీషమ్ బల్లలు హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం దుకాణాలలో కూడా విరివిగా అమ్ముడవుతున్నాయి. కొనేవారు పైమెరుపు కంటే అడుగుభాగాన్ని చూడడం మంచిది. పైన ఉన్న చారలు కొస దగ్గర కిందికి కూడా సాగితే అది నిండు పలక. అంచు వద్ద తెగిపోతే పైన అతికించిన పొర. తెల్లచెక్క ముక్కలకు ముదురు రంగు పూసి చేవగా చూపడం వ్యాపారంలో కొత్త కాదు. అడుగున రంగు వేయని చోట గోటితో గీచి చూస్తే అసలు వన్నె తెలుస్తుంది. పైపలకను చట్రానికి ఎలా బిగించారు, కదలికకు చోటు ఉంచారా అని అడగాలి. కలపలో తేమ ఎంత ఉందో కొలిచి చూపమనడం కొనుగోలుదారు హక్కు. ఇంటికి తెచ్చాక నేరుగా ఎండ పడే కిటికీ వద్ద, ఏసీ గాలి సూటిగా తగిలే చోట వేయకపోతే బల్ల ఎక్కువ కాలం మన్నుతుంది.

సరిగా చేసిన షీషమ్ బల్ల రెండు తరాల వారికి భోజనం పెడుతుంది. అంటే, ముప్పై ఏళ్లు పెరిగిన చెట్టుకు బదులు ఇంకొక చెట్టు నాటి పెంచడానికి కావలసినంత గడువును అది ఇస్తుంది. ఆ గడువును వాడుకోవడమే ఇప్పుడు ప్రశ్నార్థకం. హర్యానా, పంజాబ్, పశ్చిమ ఉత్తరప్రదేశ్ రైతులు ప్లైవుడ్ మిల్లుల కోసం ఆరేడేళ్లలో నరకదగిన పాప్లర్ వైపు మొగ్గుతున్నారు. ముప్పై ఏళ్లు ఆగి, తెగులుకు వెరచి, అనుమతి కోసం తిరిగి, చివరకు ఎగుమతి లేదని తక్కువ ధరకు అమ్ముకునే పంటను ఎవరూ కోరి వేయరు. చెట్టును కాపాడడానికి తెచ్చిన నియమం దాన్ని నాటేవాడి ఉత్సాహాన్ని చంపితే అసలు లక్ష్యమే దెబ్బతింటుంది. బల్లకు మినహాయింపు రావడం, రాకపోవడం సమావేశ మందిరాలలో తేలే విషయం. చేలగట్టు మీద కొత్త మొక్క నిలవడం, నిలవకపోవడం మాత్రం రైతుకు అందే ధరను బట్టి, అతనికి తప్పే తిరుగుడును బట్టి తేలుతుంది.